హంపికి రెండు రోజులు: ఏమి చూడాలి, ఏమి వదిలేయాలి

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. జనవరిలో ఒక శనివారం ఉదయం ఏడింటికి హోసపేట స్టేషన్‌లో దిగుతారు. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక తిరుగు రైలు. మీరు దంపతులిద్దరూ, పదేళ్ల పాప, అరవై ఐదు దాటిన మీ అమ్మానాన్నలు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. చూడాలని రాసుకున్న జాబితాలో 27 పేర్లు ఉన్నాయి. అన్నీ కుదురుతాయా, ఏ వరుసలో వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి అని అడిగారు. మీ నాన్నగారి తరఫున ఇంకో మాట కూడా అడిగారు: భువన విజయం ఉన్న చోటు ఏది? దానికి చివర్లో వస్తాను.

అన్నీ కుదరవు. కుదిర్చే ప్రయత్నం కూడా చేయవద్దు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆటో మాట్లాడుకుని ఒక్క రోజులో ఇరవైకి పైగా చోట్లు చూశాను. రాత్రి గదిలో కూర్చుని ఫొటోలు తిప్పుతుంటే ఏ మండపం ఏ గుడిదో చెప్పలేకపోయాను. ఆ బాధతోనే మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను. ఇప్పటికి తొమ్మిదిసార్లయింది. అందులో ఒకసారి మోకాళ్లు అరిగిన మా అమ్మను, రెండుసార్లు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను కాబట్టి మీ ఇబ్బంది ఏమిటో నాకు బాగా తెలుసు.

హంపి అంటే ఒక పెద్ద గుడి, దాని చుట్టూ కొన్ని శిథిలాలు అనుకుని బయలుదేరితే రెండు రోజులూ అయోమయంగానే గడుస్తాయి. అది విజయనగర సామ్రాజ్యపు రాజధాని. 1336లో హరిహరరాయలు, బుక్కరాయలు పునాది వేసిన రాజ్యం 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయేదాకా, దాదాపు 230 ఏళ్లు నిలిచిన నగరం. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఒక గుట్ట ఎక్కి చూసి, ఊరంతా ఒక్క చూపులో ఆనడం లేదని, కనిపించినంత మేరకే రోమ్ అంత ఉందని రాసుకున్నాడు. ఈనాడు ప్రపంచ వారసత్వ ప్రదేశంగా రక్షణలో ఉన్న మేరే దాదాపు 42 చదరపు కిలోమీటర్లు. దాన్ని యునెస్కో జాబితాలో చేర్చింది 1986లో.

ఈ నగరాన్ని మనసులో రెండు ముక్కలుగా పెట్టుకోండి. ఉత్తరాన తుంగభద్ర ఒడ్డు వెంట గుళ్లు: విరూపాక్షుడు, కృష్ణుడు, అచ్యుతరాయల గుడి, విఠలుడు. ఒక్కో పెద్ద గుడి ముందు దాని సొంత బజారు వీధి. దక్షిణాన, కమలాపురం వైపు, రాజులు ఉన్న కోట ప్రాంతం: మహానవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక, హజార రామాలయం, పద్మ మహల్, ఏనుగుల శాల. ఈ రెండింటి నడుమ అరటి తోటలు, చెరకు చేలు. వాటికి నీళ్లు పెడుతున్న కాలువల్లో కొన్ని రాయల కాలం నాటివే. ఇంతవరకు అర్థమైతే మీ 27 పేర్లు వాటంతట అవే కట్టలుగా విడిపోతాయి. కోట ప్రాంతానికి ఒక పూట, నది ఒడ్డుకు ఒక పూట, విరూపాక్షుడి చుట్టుపక్కలకు ఇంకో పూట.

మిగిలిన కట్ట నది అవతలిది: ఆనెగొంది, పంపా సరోవరం, అంజనాద్రి. దాన్ని ఈసారికి వదిలేయండి. మీ అమ్మగారికి అంజనాద్రి మీద మనసు ఉందని రాశారు, అయినా ఈ మాట అంటున్నాను. ఆ కొండకు 570కి పైగా మెట్లున్నాయి, పైగా మీరు వెళ్లేది శనివారం, ఆంజనేయుడి గుడికి జనం బారులు తీరే రోజు. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లిరావడానికే పూట గడుస్తుంది. ఆ కొండ మీది తెల్లని గుడి నది ఇవతలి నుంచి కూడా కనిపిస్తుంది. ఆవిడకు చూపించి, దానికి బదులు మాల్యవంతానికి తీసుకువెళ్లండి. వాలి వధ తరువాత రాముడు వానాకాలమంతా గడిపాడని చెప్పే గుట్ట అది. గుడి దాకా బండి వెళుతుంది. అక్కడి రఘునాథస్వామి ఆలయంలో రామాయణ పారాయణం నిత్యం సాగుతూ ఉంటుంది. మా అమ్మ హంపిలో అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చున్నది అక్కడే.

బస గురించి. విరూపాక్ష గుడి పక్కన సన్నని సందుల్లో చిన్న చిన్న అతిథి గృహాలున్నాయి. తెల్లవారకముందే గుడికి నడిచిపోవచ్చు కానీ సామానుతో పెద్దవాళ్లకు కష్టం. హోసపేటలో పెద్ద హోటళ్లు దొరుకుతాయి, అయితే 13 కిలోమీటర్ల దూరం. రోజుకు రెండుసార్లు వెళ్లిరావాలంటే అలసట. మీకు నేను చెప్పేది కమలాపురం. కోట ప్రాంతానికి ఆనుకుని ఉంటుంది, బండి గుమ్మం దాకా వస్తుంది. కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర భువనేశ్వరి అక్కడే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గదికి వచ్చి నడుము వాల్చే వీలుండడం పెద్దవాళ్లతో చేసే ప్రయాణంలో చాలా ముఖ్యం. పాత ఫొటోల్లో విరూపాక్ష బజారు మండపాల్లోనే దుకాణాలు, భోజనశాలలు కనిపిస్తాయి. 2011లో అక్కడివారిని ఖాళీ చేయించారు. ఆ ఫొటోలు చూసి అక్కడ గది వెతకవద్దు.

టికెట్లు కొనేముందు తేదీలు ఒకసారి సరిచూసుకోండి. సంక్రాంతి సెలవులు, గణతంత్ర దినం కలిసివచ్చే వారాంతాల్లో జనం విపరీతం. కర్ణాటక ప్రభుత్వం జరిపే హంపి ఉత్సవం తేదీ ఏటా మారుతుంది, చలికాలంలోనే ఎప్పుడో పెడతారు. ఆ మూడు నాలుగు రోజుల్లో ఊరంతా దీపాలతో కళకళలాడుతుంది కానీ గదులు దొరకవు, రోడ్లు కదలవు. ఉత్సవం చూడాలనే వెళితే వేరే మాట.

ఇక శనివారం. స్నానం, ఫలహారం అయ్యాక పది గంటలకు తిన్నగా కమలాపురం మ్యూజియానికి వెళ్లండి. చాలామంది దీన్ని చివరికి అట్టిపెట్టుకుంటారు, లేదా వదిలేస్తారు. నా మాట నమ్మి దీనితోనే మొదలుపెట్టండి. లోపలి ఆవరణలో హంపి మొత్తం నమూనా ఒకటి ఉంది. గుట్టలు, నది, కోటగోడలు, గుళ్లు, అన్నీ ఎక్కడివి అక్కడే. పాపను దాని పక్కన నిలబెట్టి నది ఏ వైపు పారుతోందో, విరూపాక్షుడు ఎక్కడో, మీరు దిగిన హోటల్ ఎక్కడో వేలితో చూపించమనండి. పావుగంట చాలు. ఆ తరువాత రెండు రోజులూ ఆ పిల్లే మీకు దారి చెబుతుంది. మా చిన్నవాడు అలాగే చేశాడు. ముందు భాగంలో కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలున్నాయి, తిరుమల గుడిలో నిలబడి ఉన్నట్టే. మీ నాన్నగారికి నచ్చుతాయి. శుక్రవారం ఈ మ్యూజియానికి సెలవు, మీకు ఆ చిక్కు లేదు.

టికెట్ సంగతి ఇక్కడే చెబుతాను. మ్యూజియం, పద్మ మహల్ ఉన్న జనానా ఆవరణ, విఠలాలయం, మూడింటికీ ఒకటే టికెట్. భారతీయులకు నేను వెళ్లినప్పుడు మనిషికి 40 రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. అది ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. మళ్లీ కొనాలి కదా అని ఒకే రోజు మూడూ చుట్టేయాలని పరుగెత్తేవాళ్లను చూస్తుంటాను. రెండో రోజు ఇంకో టికెట్ కొనుక్కోండి. ఆ డబ్బుకు మీకు ఒక పూట ప్రశాంతత దొరుకుతుంది.

మధ్యాహ్నం భోజనం, విశ్రాంతి. జనవరిలో గాలి చల్లగానే ఉంటుంది కానీ ఎండ నేరుగా తగులుతుంది, కోట ప్రాంతంలో చెట్లు తక్కువ. మూడు గంటల లోపల బయలుదేరవద్దు. ఆ పూటకు గుర్తింపు కార్డు ఉన్న గైడును ఒకరిని మాట్లాడుకోండి. తెలుగు వచ్చినవారు దొరుకుతారు, ముందే అడగండి. గుళ్లలో గైడు లేకపోయినా గడుస్తుంది. కోటలో మాత్రం మిగిలినవి ఎక్కువగా పునాదులే, చెప్పేవాళ్లు లేకపోతే రాళ్లు రాళ్లుగానే ఉండిపోతాయి.

ఏనుగుల శాల, పద్మ మహల్ పాపకు నచ్చుతాయి. ఏనుగుల శాలలో వరుసగా పదకొండు గదులు, వాటి మీద గుమ్మటాలు. గుమ్మటాలన్నీ ఒకే తీరున ఉండవు, ఏవి జంటలో కనిపెట్టమనండి. పెద్దలకు అరగంట చాలు. అసలు సమయం పెట్టవలసినది హజార రామాలయంలో.

చిన్న గుడి. రాజకుటుంబం ఉన్న ప్రాంతానికి నట్టనడుమ ఉంది. ప్రహరీ గోడకు బయటివైపు ఐదు వరుసల్లో ఊరేగింపు: ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యం చేసే స్త్రీలు. మహానవమి పండుగ నాటి సంబరమే రాతిలో సాగుతున్నట్టుంటుంది. లోపలికి వెళ్లాక గుడి గోడ మీద రామాయణం మూడు వరుసల్లో నడుస్తుంది. ఒక వరుస పట్టుకుని ప్రదక్షిణం చేస్తూ రావాలి, మళ్లీ రెండో వరుసకు మరో ప్రదక్షిణం. అంటే కథ చదవడమే ప్రదక్షిణం చేయడం. పుత్రకామేష్టి, శ్రవణకుమారుడి మీద బాణం, రాముడు ఏడు తాళవృక్షాలను కొట్టడం. ఒక్కొక్క ఘట్టం చేటంత రాతిలో ఇమిడిపోయింది. కింద పేర్లు రాసి ఉండవు. బొమ్మ చూసి ఇది ఫలానా ఘట్టం అని మనమే పోల్చుకోవాలి. ఇక్కడ గైడును కాస్త ఆగమని చెప్పి మీ అమ్మగారిని చెప్పనివ్వండి. రామాయణం తెలిసిన ఆ తరంవాళ్లు ఈ గోడను పుస్తకంలా చదివేస్తారు. మా అమ్మ అలా చదువుతుంటే పక్కన ఉన్న వేరే కుటుంబం పిల్లలు కూడా వెంట తిరిగారు. లోపలి మండపంలో నున్నగా మెరిసే నాలుగు నల్లరాతి స్తంభాలున్నాయి, అవి చూడకుండా రావద్దు.

అక్కడినుంచి మహానవమి దిబ్బకు నడక దూరమే. మెట్లు ఎత్తుగా ఉంటాయి, అమ్మగారు కిందే ఉండిపోవచ్చు. నిజానికి మంచి శిల్పాలు కింది అంతస్తుల గోడల మీదే ఉన్నాయి: వేట, కుస్తీ, నాట్యం, గుర్రాలు తెచ్చిన పరదేశీయులు, ఒంటెలు. దగ్గరలోనే మెట్ల కోనేరు. తవ్వకాల్లో 1980లలో బయటపడింది. నల్లని రాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టారు, ఏ రాయి ఏ వైపు ఎన్నో వరుసలో పెట్టాలో చెప్పే గుర్తులు వాటి మీదే చెక్కారు. వేరేచోట చెక్కి తెచ్చి ఇక్కడ కూర్చారన్నమాట. లోపలికి దిగనివ్వరు, అంచునుంచి చూడాలి. కోనేటికి నీళ్లు తెచ్చిన రాతి కాలువ స్తంభాల మీదుగా సాగడం పాపకు చూపించండి. రాణి స్నానశాల ఈ దారిలోనే తగులుతుంది, సమయం లేకపోతే విచారించనక్కర లేదు.

ఐదుంపావు కల్లా మాల్యవంతానికి చేరండి. గుడి వెనుక బండ చీలిక ఉంది, దాని వెంట వరుసగా శివలింగాలు, నందులు చెక్కారు. ఆ బండ మీద కూర్చుంటే పడమట సూర్యుడు, కింద కనుచూపు మేర గుండ్లు, వాటి మధ్య అరటి తోటల పచ్చదనం. విరూపాక్ష గుడి పక్కనున్న హేమకూటం గుట్ట మీద సూర్యాస్తమయానికి పదింతల జనం ఉంటారు. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఇక్కడే హాయి.

ఆదివారం ఉదయం నడిచే దారి కోసమే నేను హంపికి మళ్లీ మళ్లీ వెళుతున్నాను. విరూపాక్ష గుడి నుంచి నది వెంట విఠలాలయానికి దాదాపు రెండు కిలోమీటర్లు. రోడ్డు మీద బండిలో వెళ్లినవాళ్లకు విఠలాలయం ఒక టికెట్ కౌంటరుగా, బ్యాటరీ బండిగా మొదలవుతుంది. నడిచి వెళ్లినవాళ్లకు ఒక నగరం చివర నిలిచిన గుడిగా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారు మాత్రం రావద్దు, దారిలో బండల నడుమ ఎక్కిదిగే చోట్లున్నాయి. మీలో ఒకరు, పాప, కావాలంటే నాన్నగారు నడవండి. ఇంకొకరు అమ్మగారితో ఆటోలో గెజ్జల మండపం దగ్గర దిగి, బ్యాటరీ బండిలో గుడి దాకా రావచ్చు. అది కిలోమీటరు దూరం. అందరూ ఎనిమిదిన్నరకు, గుడి తెరిచే వేళకు, విఠలాలయం గోపురం ముందు కలుసుకునేలా మాట్లాడుకోండి.

ఆరున్నరకల్లా అందరూ విరూపాక్ష గుడిలో ఉండండి. ఇక్కడ పూజలు నేటికీ సాగుతున్నాయి, అందుకే ఈ గుడికి మిగిలిన వాటికి లేని ప్రాణం ఉంది. తూర్పు గోపురం తొమ్మిది అంతస్తులు, ఎత్తు దాదాపు 50 మీటర్లు. లోపలి రంగమండపం కృష్ణదేవరాయలు 1510లో తన పట్టాభిషేకం గుర్తుగా కట్టించినది. దాని కప్పు మీద రంగుల చిత్రాలున్నాయి, తల పైకెత్తి నెమ్మదిగా చూడండి. గుడి వెనుక భాగంలో కొన్ని మెట్లెక్కితే ఒక చీకటి గది. గోడలో చిన్న రంధ్రం, ఎదుటి గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. పాపకు అక్కడ ఐదు నిమిషాలు ఇవ్వండి. వెలుతురు సన్నని రంధ్రంలోంచి దూరితే బొమ్మ ఎందుకు తిరగబడుతుందో బడిలో ఎప్పుడో చెబుతారు, అప్పుడు ఈ గోడ గుర్తొస్తుంది. కోతులు చేతిలో సంచీ కనిపిస్తే వదలవు. అరటిపళ్లు, బిస్కెట్లు బయటికి కనిపించనివ్వవద్దు.

బజారు వీధి చివరికి నడిస్తే ఏకశిలా నంది. అక్కడ ఎడమకు, నది వైపు తిరగండి. రాతి మండపాలు, కోదండరామాలయం. దాని ముందు తుంగభద్ర మలుపు తిరుగుతుంది, చక్రతీర్థం అంటారు. పుట్టి నడిపేవాళ్లు పిలుస్తారు. నీళ్లు నిదానంగా ఉన్నప్పుడు పుట్టిలో పావుగంట తిరగడం బాగానే ఉంటుంది, బేరం ముందే తేల్చుకుని లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. నదిలోకి మాత్రం దిగవద్దు. పైకి కదలకుండా కనిపించే నీటికింద సుడులున్నాయి.

అక్కడినుంచి బండల నడుమ దారి. కాలికింద చూస్తూ నడవండి. జారిపోతారని మాత్రమే కాదు. బండల అంచుల్లో వరుసగా, ఒకే ఎడంతో, అగ్గిపెట్టె అంత గుంతలు కనిపిస్తాయి. రాయిని చీల్చడానికి చేసినవి. ఆ గుంతల్లో ఎండిన చెక్క మేకులు దిగగొట్టి నీళ్లు పోస్తే చెక్క ఉబ్బి, బండ ఆ వరుస వెంట చీలుతుంది. కొన్నిచోట్ల గుంతలు చెక్కి వదిలేసిన బండలున్నాయి. రేపు వచ్చి కొడదామని పనివాడు ఇంటికి వెళ్లినట్టే ఉంటుంది. నాకు హంపిలో ఏ శిల్పం ముందూ కలగని భావం ఆ సగం చెక్కిన బండల ముందు కలుగుతుంది. ఆ గుంతలో వేలు పెట్టి చూస్తే ఉలి దెబ్బలు ఇంకా గరుకుగా తగులుతాయి.

సుగ్రీవ గుహ దాటాక కుడివైపున రెండు రాతి స్తంభాలు, పైన అడ్డదూలం. రాజు బరువుకు సరితూగే బంగారం, రత్నాలు తూచి దానం చేసే తులాభారం అది. కాస్త ముందుకు వెళితే విఠలాలయం.

అక్కడ అందరూ మొదట రాతిరథం దగ్గరికే వెళతారు. మీరూ వెళ్లండి, యాభై రూపాయల కొత్త నోటు ఒకటి పాప చేతిలో పెట్టి పోల్చి చూడమనండి. అది రథం ఆకారంలో కట్టిన గరుడుడి గుడి. ముందున్న ఏనుగులు మొదటినుంచీ అక్కడివి కావు. వాటి వెనుక వంగి చూస్తే గుర్రాల వెనుక కాళ్లు, తోకలు చెక్కిన ఆనవాళ్లు కనిపిస్తాయి. పైన ఒకప్పుడు ఇటుకలతో కట్టిన శిఖరం ఉండేది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఫొటోల్లో అది కనిపిస్తుంది, ఆ తరువాత తీసేశారు. సంగీత స్తంభాలను తట్టనివ్వరు. తట్టి తట్టి అరిగిపోయిన రాయికి ఆ మాత్రం విశ్రాంతి కావాలి కాబట్టి కాపలావాళ్లను బతిమాలవద్దు. 1516లో కృష్ణదేవరాయలు చేర్చిన నూరు స్తంభాల మండపంలో నీడ ఉంటుంది, అమ్మగారు అక్కడ కూర్చోవచ్చు. పదిన్నరకు బస్సుల్లో జనం వచ్చేస్తారు. మీరు అప్పటికి బయటపడతారు.

మాతంగ పర్వతం మీద సూర్యోదయం గురించి అడిగారు. దృశ్యం గొప్పదే. కానీ చీకట్లో ఎక్కాలి, చివర్లో మెట్లు నిటారుగా ఉంటాయి. వృద్ధులు, పిల్లలతో ఉన్నవాళ్లకు నేను చెప్పను. ఎప్పటికైనా వెళ్లినా ఒంటరిగా మాత్రం వెళ్లవద్దు.

ఆదివారం సాయంత్రం మూడున్నరకు కృష్ణాలయంతో మొదలుపెట్టండి. ఇది మన నేలకు సంబంధించిన గుడి. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి నెల్లూరు సీమలోని ఉదయగిరిని గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి ఇక్కడ ప్రతిష్ఠించాడు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీగా ఉంటుంది. గోపురం మీద సున్నంతో మలిచిన యుద్ధ దృశ్యాలను వెతకండి. కొద్ది దూరంలో 6.7 మీటర్ల లక్ష్మీనరసింహుడు, 1528లో ఒకే బండలో మలిచినది. అందరూ ఉగ్రనరసింహుడంటారు కానీ ఆయన ఒడిలో ఒకప్పుడు లక్ష్మి ఉండేది. విగ్రహం ధ్వంసమైనప్పుడు అమ్మవారు పోయి, ఆయన వీపు మీద ఆమె చేయి ఒక్కటే మిగిలింది. వెనుక వైపు చూసే వీలు దొరికితే ఆ చేతిని చూడండి. పక్కనే నీళ్లలో నిలిచిన బడవిలింగం.

తరువాత సాసివెకాళు గణపతి. సాసివె అంటే కన్నడంలో ఆవాలు. చంద్రగిరి నుంచి వచ్చిన ఒక వర్తకుడు 1506లో పెట్టించినది. పాపను వెనక్కి తీసుకెళ్లండి. ముందునుంచి గణపతి, వెనుకనుంచి చూస్తే ఒక స్త్రీ వీపు, జడ. తల్లి ఒడిలో కూర్చున్న పిల్లవాడన్నమాట. అక్కడినుంచి హేమకూటం బండ మెల్లగా ఎక్కుతూ పోతుంది, మెట్లు లేవు, అమ్మగారు చేయి పట్టుకుని కొంతవరకు రాగలరు. దాని మీది చిన్న గుళ్లలో కొన్ని విజయనగరం పుట్టకముందువి. ఆరింటికి దిగి, బండెక్కి, హోసపేటలో భోజనం చేసి స్టేషన్‌కు చేరితే తొందర ఉండదు.

చిన్న విషయాలు రెండు మూడు. ప్రతివారికీ ఒక జత పాత మేజోళ్లు సంచీలో పెట్టండి. గుళ్లలో చెప్పులు విప్పాక రాతి నేల మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. నీళ్లు మనిషికి లీటరు. ఆటోను పూటకు మాట్లాడుకోండి, చోట్ల లెక్కన కాదు. చోట్ల లెక్కన మాట్లాడితే నడిపేవాడు మిమ్మల్ని తొందరపెడతాడు, అందులో అతని తప్పు లేదు. హంపి గ్రామంలో మాంసం, మద్యం ఉండవు.

ఇక నాన్నగారి ప్రశ్న. ఇదిగో భువన విజయం అని వేలెత్తి చూపించగల కట్టడం హంపిలో లేదు. గుళ్లను రాతితో కట్టారు, రాజులు తమ మేడలను ఎక్కువగా చెక్కతో, ఇటుకతో, సున్నంతో కట్టుకున్నారు. 1565 తరువాత నిప్పుకు, వానకు, కాలానికి అవే ముందు పోయాయి. అయినా ఆయనకు చూపించవలసిన చోటు ఒకటుంది. మహానవమి దిబ్బకు పడమటగా ఒక విశాలమైన రాతి అరుగు ఉంది, రాజు కొలువు తీరిన సభామండపం పునాది అని చెబుతారు. దాని మీద పది వరుసల్లో పదేసి చొప్పున నూరు రాతి పీఠాలు, ఒక్కోదానిలో స్తంభం నిలిపిన గుంత. నూరు చెక్క స్తంభాలూ పోయి, అవి నిలిచిన గుంతలు మిగిలాయి. దక్షిణం వైపు మెట్లు పై అంతస్తుకు ఎక్కుతున్నట్టే లేచి, గాలిలో ఆగిపోతాయి. పెద్దన ఏ సభలో పద్యం చదివాడో రుజువు చేయలేం. కానీ రాయల కొలువు ఎంత విశాలంగా ఉండేదో, ఎంతమంది కూర్చుంటే నిండేదో ఆ అరుగు మీద నిలబడితే కంటికి తెలుస్తుంది. శనివారం నాలుగున్నర ప్రాంతంలో వెళ్లండి, ఎండ వాలి గుంతల్లో నీడలు పడతాయి, వరుసలు స్పష్టంగా కనిపిస్తాయి. దిబ్బ ఎక్కాలని తొందరపడే వాళ్లను ముందుకు పంపి, నాన్నగారిని అక్కడ ఒక పావుగంట ఉండనివ్వండి.